ఆయమ్మ పేరేమిటి?



ఈ వారం మీకొక చిన్న పరీక్ష. భయపడకండి, మార్కులు వేసుకునేది మీరే. మీ పిల్లలు చదివే బడిని ఒక్కసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారి పేరు మీకు తెలుసు. క్లాసు టీచరు గారి పేరు తెలుసు. ట్యూషన్ పుణ్యమా అని లెక్కల మాస్టారి ఇంటికి దారి కూడా తెలిసే ఉంటుంది. మరి గేటు దగ్గర నిలబడే మనిషి పేరేమిటి? మీ చిన్నపాప ఎల్.కె.జి.లో గౌను తడుపుకున్న రోజున కడిగి, తుడిచి, వేరే గౌను తొడిగి, ఏడుపు మాన్పించి మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టిన ఆయమ్మ పేరేమిటి? రోజూ మీ బిడ్డను ఎక్కించుకుని బస్సు నడిపే డ్రైవరు పేరు?

నేను ఈ పరీక్షలో తప్పాను. తప్పినవాడు ఇంకొకరికి పరీక్ష పెట్టడమేమిటని మీరు అడగవచ్చు. న్యాయమే. కనుక ముందు నా సంగతి చెప్పుకుంటాను.

నేను ఒక విచారణలోని చిన్న బడిలో సోషల్ మాస్టారుగా చాలా ఏళ్ళు పని చేశాను. నేను చేరేనాటికే అక్కడ ఒక ఆయమ్మ ఉండేది. పొద్దున్నే వచ్చి గదులు ఊడ్చేది, మరుగుదొడ్లు కడిగేది, చిన్న క్లాసుల పిల్లలను చూసుకునేది, మాకు టీ తెచ్చి ఇచ్చేది. మధ్యాహ్నం అన్నం తినని పిల్లలను వరండాలో కూర్చోబెట్టి, వాళ్ళ క్యారేజీలోని అన్నాన్నే కథలు చెబుతూ తినిపించేది. పదకొండేళ్ళు ఆమె తెచ్చిన టీ తాగాను.

ఆమె కూతురు మా బడిలోనే పదవ తరగతి పాసయింది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు తల్లి జీతం సర్టిఫికెట్ కావాలన్నారు. ఆ రోజు గుమాస్తా సెలవులో ఉన్నందువల్ల సిస్టర్ గారు ఆ పని నాకు అప్పగించారు. లెటర్‌హెడ్ తీసుకుని "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, శ్రీమతి" అని వ్రాశాను. అక్కడ కలం ఆగిపోయింది. శ్రీమతి ఎవరు? పిల్లల అడ్మిషన్ రిజిస్టరులో అప్పట్లో తండ్రి పేరే ఉండేది, అది నాకు తెలుసు. తల్లి పేరు తెలియదు. సరే, జీతాల రిజిస్టరు చూద్దామని తెరిచాను. మా పేర్లన్నీ డిగ్రీలతో సహా వరుసగా ఉన్నాయి. చివరి రెండు వరుసల్లో, 'పేరు' అన్న గడిలో, ఒకచోట 'ఆయా' అని, ఒకచోట 'వాచ్‌మన్' అని ఉంది. వాటికెదురుగా ఒక వేలిముద్ర, ఒక సంతకం.

వరండాలోకి వెళ్ళి ఆమెనే అడగవలసి వచ్చింది. "నా పేరాండీ?" అని ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెప్పింది. మంచి పేరు, పునీతురాలి పేరు. ఇక్కడ వ్రాయడం లేదు, పేపర్లో వేయవద్దని ఆమే చెప్పింది కనుక.

పేరు తర్వాత జీతం అంకె వ్రాయాలి. రిజిస్టరు చూసి వ్రాశాను. మా జీతాలూ అంతంత మాత్రమే గనుక నేనేమీ ధనవంతుణ్ణి కాదు. అయినా మా అబ్బాయి ట్యూషన్లకు నెలకు నేను కడుతున్న డబ్బుకు ఆ అంకె కాస్త ఎక్కువ, అంతే.

ఇంతటితో అయితే మరచిపోయేవాణ్ణేమో. దీనికి ఏడాదిన్నర ముందు జరిగినది ఇంకొకటి ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

క్వార్టర్లీ పరీక్షల పేపర్లు ఇస్తున్నాను. తొమ్మిదవ తరగతి. ఒక కుర్రవాడికి నూటికి పదకొండు వచ్చాయి. కోపం పట్టలేక, "ఇలాగే ఉంటే రేపు చీపురు పట్టుకుని ఈ బడే ఊడ్చుకుంటావురా" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఒక పిల్ల మాత్రం నవ్వకుండా వెనక్కి తిరిగి మూడవ బెంచీ వైపు చూసింది. అక్కడ ఆయమ్మ కూతురు కూర్చుని ఉంది. ఆ అమ్మాయి ఏడవలేదు. తల వంచుకుని పుస్తకం మూలలు మడత విప్పి సరిచేసుకుంటూ ఉంది.

సాయంకాలం స్టాఫ్ రూములో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఆయమ్మ టీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చింది. గడప దగ్గర నిలబడి ఇలా అన్నది: "సారూ, మా అమ్మాయి చెప్పిందండి. నేనూ దానికి ఆ మాటే చెబుతానండి, చదువుకోకపోతే నాలాగే చీపురు పట్టాలి అని. కాకపోతే ఇంట్లో చెబుతానండి." తర్వాత గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

దెబ్బలాడి ఉంటే బదులు చెప్పేవాణ్ణి. దీనికేం చెప్పను? అంత జరిగాక కూడా ఏడాదిన్నర పాటు ఆమె పేరేమిటని అడగాలని నాకు తోచలేదు. సిగ్గుపడడం వేరు, మారడం వేరు.

ప్రియ పాఠకులారా, ఆమె మాటలో ఒక చిక్కుముడి ఉంది. అన్ని పనులూ పవిత్రమైనవేనని, ఏ పనీ చిన్నది కాదని మనం గుడిలో వింటాం, బడిలో చెబుతాం. కాని ఆ 'పవిత్రమైన' పని చేస్తున్న తల్లి తన కూతురు ఆ పనిలోకి రాకూడదని రాత్రింబగళ్ళు ప్రార్థిస్తోంది. మరి ఎవరి మాట నిజం? మనదా, ఆమెదా? చీపురు పట్టడం గౌరవమే అయితే ఆమె ఎందుకు తప్పించుకోవాలనుకుంటుంది? గౌరవం కానిదయితే మనం ఎందుకు అబద్ధం చెబుతున్నాం?

దీనికి నాకు దొరికిన సమాధానం కొంత రెండవ జాన్ పౌలు పోపుగారు 1981లో మానవ శ్రమను గూర్చి వ్రాసిన విశ్వలేఖలో ఉంది. ఆయన యవ్వనంలో, యుద్ధకాలంలో, రాతి క్వారీలో, ఆ తర్వాత రసాయనాల ఫ్యాక్టరీలో కూలిగా పని చేసినవాడు గనుక పుస్తకాల్లో చదివి వ్రాసిన సంగతి కాదిది. పనులను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు, కష్టసుఖాలను బట్టి, నైపుణ్యాన్ని బట్టి కొలవవచ్చునని ఆయన ఒప్పుకుంటాడు. కాని పనికి విలువ అన్నిటికంటే ముందుగా వచ్చేది ఆ పని చేసే మనిషి నుండి. ఆ మనిషి దేవుని పోలికలో సృష్టింపబడినవాడు. అంటే మనిషికి విలువ పనివల్ల రాదు, పనికే మనిషివల్ల వస్తుంది.

తిరగేసి చూస్తే ఎంత తేడా ఉందో చూడండి. "ఆయా లేకపోతే బడి నడవదు, కనుక ఆమెను గౌరవించాలి" అని మనం పిల్లలకు చెబుతుంటాం. వినడానికి బాగానే ఉంటుంది. కాని ఈ లెక్క ప్రకారం ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చి పని మానేసిన రోజున గౌరవం కూడా మానేయవచ్చు. ఊడ్చే యంత్రం కొన్న రోజున అక్కరే లేదు. ఉపయోగం చూసి ఇచ్చే గౌరవం అద్దె ఇల్లు లాంటిది, ఎప్పుడైనా ఖాళీ చేయమనవచ్చు.

కనుక ఆ తల్లి మాటలో తప్పేమీ లేదు. కూతురు ఇంకొంచెం తేలికైన బ్రతుకు బ్రతకాలని కోరుకోవడం తన పనిని తాను తక్కువ చేసుకోవడం కాదు. తక్కువ చేసినది నేను. ఆమె "నాలాంటి కష్టం నీకు వద్దు" అన్నది. నేను "ఆ మనిషిలాంటివాడివి అవుతావు" అన్నాను. రెండింటిలోనూ చీపురు ఉంది. మొదటిది బెంగ, రెండవది ఎగతాళి.

ఇక్కడ మన తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. "సిస్టర్ గారు వచ్చారు. మాస్టారు వచ్చారు. ఆయా వచ్చింది. వాచ్‌మన్ వచ్చాడు." ఈ నాలుగు వాక్యాలు ఎవరూ పాఠం చెప్పకుండానే రెండవ తరగతి పిల్లవాడికి తప్పులేకుండా వస్తాయి. ఎవరికి 'వచ్చారు', ఎవరికి 'వచ్చింది' అన్నది వాడు మన నోటి నుండే నేర్చుకున్నాడు. నీతిశాస్త్రం పీరియడ్ వారానికి ఒక్కటే, ఈ పాఠం రోజంతా. గమనించారో లేదో, పైన ఇంతసేపూ ఆమెను గూర్చి నేను 'వచ్చింది', 'అన్నది' అనే వ్రాశాను. దిద్దుదామనుకుని, మీకు కనబడాలని అలాగే ఉంచాను. ఇకమీదట దిద్దుకుంటాను.

మన శ్రీసభలో బడి తలుపు దగ్గర పని చేసిన పునీతులున్నారు. స్పెయిన్‌లోని సెగోవియాలో పుట్టిన పునీత అల్ఫోన్సు రోడ్రిగ్స్ ఉన్ని వర్తకుడు. భార్యనూ పిల్లలనూ పోగొట్టుకుని, వ్యాపారం దెబ్బతిని, నలభై ఏళ్ళకు దగ్గరపడిన వయసులో యేసు సభలో చేరాలని వచ్చాడు. గురువు కావడానికి చదువు చాలదు, వయసు మించిపోయింది. బ్రదరుగా తీసుకుని 1571లో మయోర్కా దీవిలోని కళాశాలకు పంపారు. 1617లో చనిపోయేదాకా నలభై ఆరేళ్ళు అక్కడే ఉన్నాడు, అందులో ఎక్కువ కాలం వాకిలి కాపరిగా. తలుపు తట్టినది ఎవరైనా ప్రభువే వచ్చాడన్నట్లు లేచి వెళ్ళేవాడని చెబుతారు. 1605లో పీటర్ క్లేవర్ అనే యువకుడు చదువుకోవడానికి ఆ కళాశాలకు వచ్చాడు. తన బ్రతుకుతో ఏం చేయాలో తేల్చుకోలేక ఈ వాకిలి కాపరి దగ్గర కూర్చుని మాట్లాడేవాడు. ఆ ముసలి బ్రదరే అతణ్ణి సముద్రం దాటి వెళ్ళమని ప్రోత్సహించాడు. ఆ యువకుడు 1610లో దక్షిణ అమెరికాలోని కార్తహేనా రేవుకు చేరి, ఓడల్లో గొలుసులతో తెచ్చిన ఆఫ్రికా బానిసలకు సుమారు నలభై ఏళ్ళు సేవ చేశాడు. 1888లో పదమూడవ లియో పోపుగారు ఆ వాకిలి కాపరినీ, ఆ విద్యార్థినీ ఒకే రోజున పునీతులుగా ప్రకటించారు. మన కాలానికి దగ్గరగా చెప్పాలంటే, కెనడాలోని మాంట్రియల్‌లో ఒక కళాశాల వాకిట సుమారు నలభై ఏళ్ళు పని చేసిన బ్రదర్ ఆండ్రే బెస్సెట్ గారిని 2010లో పదహారవ బెనెడిక్ట్ పోపుగారు పునీతునిగా ప్రకటించారు.

అల్ఫోన్సు కథలో నాకు ఆశ్చర్యం కలిగించేది వాకిలి కాపరి పునీతుడు కావడం కాదు. దేవుని కృపకు వాకిలి ఏమిటి, వేదిక ఏమిటి? ఒక విద్యార్థి వాకిలి కాపరి దగ్గర కూర్చుని, ఈ మనిషి దగ్గర నేను నేర్చుకోవలసినది ఉందనుకున్నాడు చూడండి, అదీ నాకు ఆశ్చర్యం. మన బడుల్లో అలా ఎంతమంది పిల్లలకు తోస్తుంది?

అయితే ఈ కథలు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. నేను ఒకసారి బడి అసెంబ్లీలో అల్ఫోన్సు కథ చెప్పి, "కనుక మన ఆయమ్మ, మన వాచ్‌మన్ కూడా పునీతులే" అని ముగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా వాచ్‌మన్ కూడా కొట్టారు. నెలాఖరున ఆయన జీతం మాత్రం అంతే వచ్చింది. అల్ఫోన్సు తనంతట తాను మాటపట్టు ఇచ్చి ఆ బ్రతుకులో ప్రవేశించాడు. గురువులు తినే బల్ల దగ్గరే తిన్నాడు, వాళ్ళతో కలిసి ప్రార్థించాడు, జబ్బు చేస్తే వాళ్ళే చూసుకున్నారు, చనిపోతే సొంతవాడిగా పాతిపెట్టారు. మన వాచ్‌మన్ ఇంటి అద్దె కట్టాలి. పునీతుల కథను జీతానికి బదులుగా ఇవ్వకూడదు.

అల్ఫోన్సును పునీతునిగా ప్రకటించిన ఆ లియో పోపుగారే మూడేళ్ళకు, 1891లో, కార్మికులను గూర్చి విశ్వలేఖ వ్రాశారు. యజమానీ పనివాడూ ఇద్దరూ ఒప్పుకున్నారు గనుక ఆ జీతం న్యాయమేనని చెప్పడానికి వీల్లేదని అందులో ఉంది. గతిలేక ఒప్పుకున్న ఒప్పుదల అసలైన ఒప్పుదల కాదు. పొదుపుగా బ్రతికే పనివాడు తనను పోషించుకోవడానికి చాలనంత జీతమైతే అది అన్యాయమే.

'గౌరవం' అన్న మాట ఎంత తేలికగా వాడతామో చెప్పడానికి ఇంకొక ఉదాహరణ. సర్కారు బడుల్లోనూ, ఎయిడెడ్ బడుల్లోనూ మధ్యాహ్న భోజనం వండేవారున్నారు. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు తర్వాత మన రాష్ట్రంలో 2003 నుండి బడుల్లో వేడి అన్నం మొదలైంది. ఇరవై అయిదు మంది పిల్లలకు ఒకరు, వందమంది దాకా ఇద్దరు వండాలని లెక్క. 2009లో కేంద్రం వారికి నెలకు వెయ్యి రూపాయలు నిర్ణయించింది, అదీ ఏడాదికి పది నెలలకే. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 2019లో మూడు వేలకు పెంచారు. ఆ డబ్బును ఏమంటారో తెలుసా? 'గౌరవ వేతనం'. జీతం అంటే ఇంకా చాలా ఇవ్వవలసి వస్తుంది గనుక గౌరవం అన్నారు.

ఇక తల్లిదండ్రులారా, ఇది యాజమాన్యం వారి సమస్య అనుకుని మీరు పక్కకు తప్పుకోకండి. విచారణ బడికి డబ్బు ఆకాశం నుండి రాలదు. పేద పిల్లల కోసం ఫీజు తక్కువగా ఉంచాలి, ఆ తక్కువలోనే అందరికీ జీతాలివ్వాలి. సిస్టర్లు లెక్కలు చూసుకుని తల పట్టుకున్న సందర్భాలు నాకు తెలుసు. ఏటా నెలకు పాతిక రూపాయలు పెంచుతామంటే తల్లిదండ్రుల మీటింగులో మొదట లేచి నిలబడేది, చేతిలో మంచి సెల్‌ఫోను ఉన్నవారే. ఆ పాతికలో ఆయమ్మ జీతం ఉందని ఎవరూ చెప్పరు, మనమూ అడగము. వచ్చే మీటింగులో ఒక్కరు లేచి, "చిన్న ఉద్యోగులకు ఎంత ఇస్తున్నారు, పెంచాలంటే మేమెంత ఇవ్వాలి?" అని అడిగితే ఏమవుతుందో చూడాలని నాకు ఎంతో కోరిక.

పునీత పౌలు గారు కొరింతు సంఘానికి వ్రాసిన మొదటి లేఖలో శరీరాన్ని, దాని అవయవాలను పోల్చి చెప్పిన భాగం మీకందరికీ తెలిసినదే. బడి వార్షికోత్సవాల్లో తరచుగా చదువుతారు. కాని సగమే వింటామేమో. అవయవాలన్నీ అవసరమేనని చెప్పి ఆయన ఆగలేదు. తక్కువ గౌరవం ఉన్నదనుకునే అవయవానికి ఎక్కువ గౌరవం ఇవ్వడం దేవుడు చేసిన అమరిక అన్నాడు. అందరికీ సమానంగా కాదు, లేనివారికి ఎక్కువగా. మన వార్షికోత్సవంలో అతిథికి శాలువా, టీచర్లకు జ్ఞాపికలు, ఆయమ్మకు కుర్చీలు సర్దే పని.

సర్టిఫికెట్ వ్రాసిన మరునాడు సిస్టర్ గారికి రిజిస్టరు చూపించాను. ఆవిడ చాలాసేపు ఆ పేజీ చూసి, ఎర్ర సిరాతో రెండు గళ్ళూ కొట్టేసి, పక్కన పేర్లు వ్రాశారు. తర్వాతి నెల నుండి జీతం కొద్దిగా పెంచారు. ఎక్కువేమీ కాదు. నేను ఆమెను పేరు పెట్టి, చివర 'గారు' చేర్చి పిలవడం మొదలుపెట్టాను. మొదట్లో ఆమె ఎంత ఇబ్బందిపడేవారంటే, నేను వరండాలోకి వస్తుంటే పక్క గదిలోకి వెళ్ళిపోయేవారు. "అలా పిలవకండి సారూ, అందరూ నవ్వుతారు" అన్నారు ఒకరోజు. నిజమే, కొందరు నవ్వారు. తొమ్మిదవ తరగతి క్లాసులో మూడవ బెంచీ ముందు నేను ఏనాడూ క్షమాపణ చెప్పుకోలేదు. ఆ పిల్ల అప్పటికే బడి వదిలి వెళ్ళిపోయింది. ఆ బాకీ అలాగే ఉంది.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. ఆమె కూడా పని మానేశారు. మోకాళ్ళు సహకరించడం లేదు. ఆదివారం పూజకు మాత్రం తప్పకుండా వస్తారు, కుడివైపు స్తంభం పక్కన కూర్చుంటారు. మొన్నొక ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర, భార్యనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని ఒక యువకుడు ఆమెకు ఎదురయ్యాడు. మా బడిలో చదువుకున్నవాడే. ఏ సంవత్సరమో, పేరేమిటో ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు.

"ఆయమ్మా!" అని గట్టిగా పిలిచాడు.

ఆవిడ పేరు అది కాదయ్యా అని చెబుదామని రెండడుగులు ముందుకు వేశాను. అంతలో ఆమె ముఖం చూసి ఆగిపోయాను. ఆమె ఆ కుర్రవాణ్ణి ఇంటిపేరుతో సహా పిలిచి, గడ్డం పట్టుకుని, "పెరుగన్నం ఇప్పుడైనా తింటున్నావా, ఇంకా పారబోస్తున్నావా?" అని అడుగుతున్నారు.